రిపోర్టు అడుగున చిన్న అక్షరాలు

మీ ఇంట్లో బీరువాలోనో, అమ్మ మంచం కింద ప్లాస్టిక్ కవర్లోనో పాత మెడికల్ రిపోర్టులు ఉండే ఉంటాయి. ఒకటి తీసి చూడండి. పైన పెద్ద అక్షరాల్లో ఆస్పత్రి పేరు, లోగో, ఫోన్ నంబర్లు. మధ్యలో ఒక అంకె. దాని పక్కన, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే మరో రెండు అంకెలు. మన అంకె హద్దు దాటితే లావు అక్షరాల్లో కనిపిస్తుంది, మన కళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఇంకా కిందకి వెళ్తే, చదవకూడదనే అచ్చేశారా అన్నంత చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండొచ్చు. ఈ పరీక్ష ఫలానా ఊళ్ళో ఫలానా ల్యాబ్‌లో చేశారు అని. చాలాసార్లు ఆ వాక్యం ఉండను కూడా ఉండదు.

విషయం మామూలుదే. ఏ ఆస్పత్రీ అన్ని పరీక్షలూ తన దగ్గరే చెయ్యదు. షుగరు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ లాంటివి అక్కడే అవుతాయి. అరుదైన హార్మోన్లు, జన్యు పరీక్షలు, బయాప్సీ ముక్కకి వేసే ప్రత్యేకమైన రంగులు మాత్రం బయటికి వెళ్తాయి. ఐస్‌బాక్సులో బైకు మీద, బస్సులో, విమానంలో. ఒక రోజుకో వారానికో ఫలితం తిరిగొస్తుంది. దాన్ని ఆస్పత్రి తన కాగితం మీదకి ఎక్కించి మన చేతిలో పెడుతుంది. పరీక్ష చేసినవాళ్ళు రోగిని చూడలేదు. రోగిని చూసినవాళ్ళు పరీక్ష చెయ్యలేదు. ఆ ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క కాగితమే.

ఆ కాగితం ‘ఈ మాట చెప్పింది నేను కాదు, ఫలానావాళ్ళు’ అని ఒప్పుకోవడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. చిన్న అక్షరాల వాక్యం వెనక ఉన్న కథ అది.

మందుల షాపులో చెక్కపెట్టె

1893, న్యూయార్క్. పిల్లల్ని చంపే జబ్బుల్లో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, ముందు వరసలో ఉంది. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడకుండా చేస్తుంది. చిక్కేమిటంటే, వేరే గొంతు జబ్బుల్లో కూడా దాదాపు అలాంటి పొరే కడుతుంది. చూసి చెప్పడం మంచి డాక్టర్ల వల్ల కూడా అయ్యేది కాదు. 1883లో క్లెబ్స్ ఈ క్రిమిని చూశాడు, 1884లో లోఫ్లర్ దాన్ని పెంచి చూపించాడు. అంటే జవాబు చెప్పే దారి ఉంది. కానీ ఆ పని చెయ్యడానికి కావలసిన సరంజామా ఏ డాక్టరు ఇంట్లో ఉంటుంది?

1892లో కలరా భయంతో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఒక ల్యాబ్ పెట్టింది. దాని బాధ్యత హెర్మన్ బిగ్స్‌ది. మరుసటి ఏడు విలియం పార్క్ వచ్చి చేరాడు. వాళ్ళు చేసిన ఏర్పాటు ఈనాటికీ ముచ్చటగా అనిపిస్తుంది. నగరంలోని మందుల షాపుల్లో చిన్న చిన్న చెక్కపెట్టెలు పెట్టారు. ఒక్కోదానిలో రెండు గాజు గొట్టాలు. ఒకదానిలో గడ్డకట్టించిన సీరం, రెండోదానిలో తీగ చివర చుట్టిన దూది. డాక్టరు పెట్టె తీసుకెళ్ళి, బిడ్డ గొంతులో దూది తిప్పి, సీరం మీద రాసి, చీటీ మీద వివరాలు నింపి, మళ్ళీ షాపులో ఇచ్చేసేవాడు. సాయంత్రం ఆరోగ్యశాఖ మనిషి వచ్చి అన్నీ పోగుచేసుకెళ్ళేవాడు. రాత్రంతా ఒంటి వేడిలో పొదిగించి, పొద్దున మైక్రోస్కోపు కింద చూసి, మధ్యాహ్నానికల్లా డాక్టరుకి ఉత్తరం ద్వారానో టెలిఫోన్‌లోనో జవాబు చెప్పేవాళ్ళు. డబ్బు తీసుకునేవాళ్ళు కాదు. ఇవాళ మన గుమ్మంలో నిలబడే హోమ్ కలెక్షన్ కుర్రాడికి ముత్తాత ఎవరంటే ఆ మందుల షాపువాడే.

ఇక్కడ ‘ఈ మాట ఎవరిది’ అనే ప్రశ్నే రాలేదు. కాగితం ఆరోగ్యశాఖది, పరీక్షా ఆరోగ్యశాఖదే. మధ్యవర్తి లేడు. కానీ వేరే ప్రశ్న పుట్టింది: ఈ మాట ఎవరికి చెప్పాలి? కంఠసర్పి అని తేలితే ఆ ఇంటిని మిగతావాళ్ళకి దూరంగా పెట్టాలి. కాబట్టి జవాబు డాక్టరుకి మాత్రమే చెప్పి ఊరుకుంటే చాలదు, ఊరి లెక్కల్లోకి కూడా ఎక్కాలి. కంఠసర్పి దగ్గర ఇది పెద్ద గొడవ కాలేదు గానీ క్షయ దగ్గర అయింది. కళ్ళె పరీక్ష ఉచితంగా చేస్తామన్న ఆరోగ్యశాఖే, 1897లో క్షయ రోగుల వివరాలు తప్పనిసరిగా తెలపాలని డాక్టర్లకి నిబంధన పెట్టింది. నగరంలోని వైద్యుల సంఘాలు లేచి నిలబడ్డాయి. రోగి మావాడు, రహస్యం మాది, మధ్యలో మీరెవరు? ఉద్యోగం పోతుందని, అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారని రోగులు భయపడే జబ్బు అది. కాబట్టి డాక్టర్ల వాదన వట్టి అహంకారమని కొట్టెయ్యలేం. బిగ్స్ మాత్రం వెనక్కి తగ్గలేదు.

ఆ ల్యాబ్‌లోనే ఇంకో చిన్న కథ ఉంది. 1894లో అనా వెసెల్స్ విలియమ్స్ అనే యువ డాక్టరు అక్కడ జీతం లేకుండా చేరింది. ఆ ఏడే, పార్క్ సెలవులో ఉండగా, అసాధారణంగా ఎక్కువ విషం తయారుచేసే ఒక కంఠసర్పి క్రిమి రకాన్ని వేరుచేసింది. విరుగుడు సీరం పెద్ద ఎత్తున, చవగ్గా తయారుచెయ్యడానికి అదే ఆధారమైంది. దేశదేశాల ల్యాబ్‌లకి వెళ్ళింది. దాని పేరు ‘పార్క్–విలియమ్స్ నంబర్ 8’. నోళ్ళలో నలిగి నలిగి అది ‘పార్క్ 8’గా మిగిలింది. కనిపెట్టిన మనిషి పేరు రాలిపోయింది, ల్యాబ్ పెద్ద పేరు నిలిచింది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. పొడుగు పేరు పలకడం బరువు, అంతే. రిపోర్టు అడుగున ల్యాబ్ పేరు రాలిపోయేది కూడా సరిగ్గా ఇలాగే.

సీలు వేసిన జాడీ

అదే కాలంలో మన వైపు ఏం జరుగుతోంది? సర్కారు జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో టీకా మందు డిపోగా మొదలై, తరవాత ప్రెసిడెన్సీకంతటికీ పెద్ద ల్యాబ్‌గా పెరిగింది. కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో వచ్చింది. అంతకుముందు పిచ్చికుక్క కరిచిన మనిషి వైద్యం కోసం హిమాలయాల దాపున ఉన్న కసౌలీ దాకా రైల్లో పోవాలి. అక్కడ 1900లో పెట్టిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూటే దేశంలో మొదటిది.

వీటన్నిటికంటే ముందే మద్రాసులో ఇంకో ల్యాబ్ ఉంది. 1849లో మొదలైన కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్. దానికి వచ్చేవి బతికున్నవాళ్ళ నమూనాలు కావు, ఎక్కువగా చచ్చిపోయినవాళ్ళవి. పాషాణం, ఉమ్మెత్త, గన్నేరు పప్పు. ఏ తాలూకా ఆస్పత్రిలోనో పోస్టుమార్టం చేసిన డాక్టరుకి విషం మీద అనుమానం ఉంటుంది, తేల్చే సాధనం ఉండదు. కడుపులోని అవయవాల ముక్కలు ఉప్పునీళ్ళ జాడీలో పెట్టి, మూతకి లక్క సీలు వేసి, ఆ సీలు నమూనా విడిగా జతచేసి పంపిస్తాడు. రిపోర్టులో మరణ కారణం దగ్గర ‘అభిప్రాయం వాయిదా’ అని రాస్తాడు. ఈనాటికీ మన పోస్టుమార్టం రిపోర్టుల్లో ఆ మాట కనిపిస్తుంది. తనకి తెలియనిది తను చెప్పనని డాక్టరు చేసే ప్రకటన అది.

ఇక్కడ చట్టం ఒక సూక్ష్మం పట్టుకుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 510వ సెక్షన్ ప్రకారం, కెమికల్ ఎగ్జామినర్ తన సంతకంతో ఇచ్చిన రిపోర్టుని, ఆయన్ని బోనెక్కించకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. మామూలుగా అయితే కోర్టు విన్న మాటని ఒప్పుకోదు, అన్న మనిషే రావాలంటుంది. ఊరూరి కోర్టుకీ మద్రాసు నుంచి ఆయన్ని రప్పించడం కుదరదు కాబట్టి కాగితాన్నే మనిషిగా ఒప్పుకుంది. అయితే దానికో షరతు ఉంది. ఆ కాగితం ఆయన చేతిదే అయుండాలి. మధ్యలో పోలీసో, డాక్టరో ‘మద్రాసువాళ్ళు ఇలా అన్నారు’ అని తన కాగితం మీద రాసుకొస్తే చెల్లదు. 1973 కోడ్‌లో ఇది 293వ సెక్షన్ అయింది. కోర్టుకి అనుమానమొస్తే ఆ నిపుణుణ్ణి పిలిపించి అడగొచ్చని కూడా అందులో ఉంది.

అంటే చచ్చిపోయినవాడి రిపోర్టు ఎవరు చెప్పారో తెలియాలని మన చట్టం పందొమ్మిదో శతాబ్దంలోనే పట్టుబట్టింది. బతికున్నవాడి రిపోర్టు విషయంలో ఆ పట్టుదల రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఒకే రక్తం, రెండు మాటలు

ఎవరు చేస్తేనేం, అంకె అంకే కదా? చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దొరికింది, అది కూడా ఇబ్బందికరంగా.

1906లో బెర్లిన్‌లో ఆగస్ట్ వాసర్‌మన్, ఆయన సహచరులు సిఫిలిస్‌కి రక్తపరీక్ష కనిపెట్టారు. దానికి గొర్రె ఎర్రకణాలు కావాలి, గినీపందుల సీరం కావాలి, మొదట్లో రోగగ్రస్తమైన అవయవాల సారం, తరవాత ఎద్దు గుండె సారం కావాలి. ఇవన్నీ ఏ ల్యాబ్‌కా ల్యాబే తయారుచేసుకునేది. ఆవకాయ లాగా, కొలతలు అవే అయినా చేతిని బట్టి రుచి మారేది. జవాబు కూడిక గుర్తుల్లో రాసేవాళ్ళు. ఒక ప్లస్సు, రెండు ప్లస్సులు, నాలుగు. ఒక ల్యాబ్‌లో నాలుగు ప్లస్సులున్న రక్తం పక్క ల్యాబ్‌లో సున్నా కావచ్చు. ఆ ప్లస్సుల మీద కాపురాలు ఆధారపడ్డాయి. 1935లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం పెళ్ళికి ముందు ఈ రక్తపరీక్ష తప్పనిసరి చేసింది, వెంట మరికొన్ని రాష్ట్రాలు నడిచాయి.

అదే 1935లో ల్వోవ్ నగరానికి చెందిన లుడ్విక్ ఫ్లెక్ అనే ల్యాబ్ డాక్టరు, ఈ వాసర్‌మన్ పరీక్ష చరిత్రనే ఉదాహరణగా తీసుకుని, శాస్త్రంలో ఒక ‘వాస్తవం’ ఎలా పుట్టి ఎలా స్థిరపడుతుందో చెప్పే పుస్తకం రాశాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చాలా ఏళ్ళ తరవాత థామస్ కూన్ తన ప్రసిద్ధ గ్రంథం ముందుమాటలో ప్రస్తావించాక వెలుగులోకి వచ్చింది. ఫ్లెక్ చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే, పరీక్ష ఫలితం రక్తంలోంచి ఊడిపడదు. ఆ పని చేసే మనుషుల అలవాటూ, చూపూ, ఉమ్మడి సాధనా కలిస్తేనే అది ఫలితమవుతుంది. ఇది రాసినవాడు రోజూ గొట్టాలు కడిగించే ల్యాబ్‌లో పనిచేసినవాడు కాబట్టి, ఈ మాటకి తత్వశాస్త్రం కంటే కార్ఖానా వాసన ఎక్కువ.

ల్యాబ్‌ల మధ్య తేడా ఎంతో చూద్దామని నానాజాతి సమితి ఆరోగ్య సంస్థ 1928లో కోపెన్‌హాగెన్‌లో నిపుణుల్ని కూర్చోబెట్టి, ఒకే నమూనాల మీద ఎవరి పద్ధతిలో వాళ్ళని పరీక్షలు చెయ్యమంది. 1947లో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియా డాక్టర్లు ఇంకా మొహమాటం లేని పని చేశారు. ఒకే రకం ద్రావణాల్ని 59 ఆస్పత్రి ల్యాబ్‌లకి పంపి షుగరు, కాల్షియం లాంటివి కొలవమన్నారు. సీసాలో ఎంత ఉందో పంపినవాళ్ళకి తెలుసు. వచ్చిన జవాబుల్లో సరైనవాటికంటే తప్పినవే ఎక్కువ. ఇప్పుడు ప్రపంచమంతా ల్యాబ్‌లకి గుర్తు తెలియని నమూనాలు పంపి పరీక్షించే పద్ధతి ఆ సర్వే దారిలో పెరిగిందే. మన దేశంలో వెల్లూరు సీఎంసీ నడిపే కార్యక్రమం కూడా ఆ కోవలోదే.

అంటే అంకె ఒక్కటే అంకె కాదు. ఏ ల్యాబ్, ఏ పద్ధతి అనేది దానిలో సగం.

అంకెల ఫ్యాక్టరీ

1957లో టెక్నికాన్ కంపెనీ ఆటోఅనలైజర్ అమ్మడం మొదలుపెట్టింది. లెనార్డ్ స్కెగ్స్ అనే ఆయన రూపొందించిన ఈ యంత్రంలో రక్తం నమూనాలు సన్నటి గొట్టంలో గాలి బుడగల మధ్య ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లాగా నడిచేవి. ఒక మనిషి రోజంతా చేసే పని గంటల్లో అయిపోయేది. దాంతో లెక్క మారింది. యంత్రం ఖరీదైనది, నమూనా చవక. ఎన్ని ఎక్కువ వస్తే అంత లాభం. అమెరికాలో దూరాభారాల నుంచి పోస్టులో నమూనాలు తెప్పించుకునే పెద్ద ల్యాబ్‌లు పెరిగాయి. 1967లో ఆ దేశం తెచ్చిన క్లినికల్ ల్యాబ్‌ల చట్టం ముఖ్యంగా ఏ ల్యాబ్‌ల మీద దృష్టి పెట్టిందో చూడండి: రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చే నమూనాలు తీసుకునే వాటి మీద. ప్రమాదం ప్రయాణంలో ఉందని చట్టానికి అర్థమైంది.

1987లో వాల్ స్ట్రీట్ జర్నల్ విలేఖరి వాల్ట్ బొగ్డానిచ్ ల్యాబ్‌ల లోపాల మీద వరసగా రాశాడు. గర్భాశయ ముఖ క్యాన్సరుని ముందే పట్టుకునే పాప్ స్మియర్ స్లయిడ్లని కొన్ని చోట్ల కూలి లెక్కన, స్లయిడుకింత అని చూపించేవాళ్ళు. అలసిపోయిన కళ్ళు క్యాన్సర్ కణాల్ని దాటేసేవి. ఆ స్త్రీ దృష్టిలో రిపోర్టు ఇచ్చింది తన డాక్టరు. స్లయిడు ఎక్కడికి వెళ్ళిందో, ఎవరు చూశారో ఆమెకి తెలియదు. ఆ కథనాలకి 1988లో పులిట్జర్ వచ్చింది, అదే ఏడు కొత్త చట్టమూ వచ్చింది. ఒక మనిషి ఒక రోజులో వందకి మించి స్లయిడ్లు చూడకూడదని ఆ చట్టం కింద హద్దు పెట్టారు.

ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో మన చిన్న అక్షరాల వాక్యం పుట్టుక ఉంది. నమూనా బయటికి పంపిన ల్యాబ్ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, పరీక్ష చేసిన ల్యాబ్ ఇచ్చిన ఫలితాన్ని గానీ, దాన్ని అర్థం చేసుకోవడానికి ఇచ్చిన సమాచారాన్ని గానీ మార్చకూడదు. రెండు, కావాలంటే పరీక్ష చేసిన ల్యాబే నేరుగా డాక్టరుకి ఫలితం పంపొచ్చు. మూడు, పరీక్ష రాసిన డాక్టరుకి ఆ పని ఎక్కడ జరిగిందో, ఆ ల్యాబ్ పేరూ చిరునామాతో సహా తెలపాలి.

మార్చకూడదంటే ఏముంది, అంకెలు ఎవరు మారుస్తారు అనిపిస్తుంది. కావాలని మార్చక్కర్లేదు, తిరగరాస్తే చాలు. లండన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిన తండ్రికి అక్కడ షుగరు 7 అంటారు. అక్కడి కొలత వేరు, మన లెక్కలో అది 126. మూడు నెలల షుగరు మనకి 7 శాతం అయితే అక్కడ 53. అంకె పక్కన కొలమానం జారిపోతే అంకెకి అర్థం లేదు. ‘ఉండవలసినంత’ అనే హద్దులు కూడా ఆ ల్యాబ్ యంత్రానికి, ఆ పద్ధతికి సంబంధించినవి. అక్కడి ఫలితం, ఇక్కడి హద్దులు పక్కపక్కన అచ్చేస్తే తెలియకుండానే అబద్ధం తయారవుతుంది.

ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ పరీక్షనే తీసుకోండి. దాన్ని లెక్కగట్టే ప్రమాణాలు ప్రధానంగా రెండు వాడుకలో ఉన్నాయి. ఒకదాని ప్రకారం 4 వచ్చే రక్తం రెండోదాని ప్రకారం సుమారు 3.1 వస్తుంది. ఒక పెద్దాయన ఏటేటా ఒకే ఆస్పత్రిలో ఈ పరీక్ష చేయించుకుంటున్నాడనుకుందాం. మధ్యలో ఆస్పత్రి నమూనాలు పంపే ల్యాబ్ మారింది. కాగితం మీద లోగో అదే. నాలుగు మూడైంది, ఇంట్లో అందరూ సంతోషించారు. నిజానికి ఆయన ఒంట్లో ఏమీ మారలేదు. లేదా ఇంకా ఘోరం, పెరుగుతున్నది కాస్తా ఆ తేడా చాటున కనబడకుండా పోయింది. అడుగున ల్యాబ్ పేరు ఉంటే డాక్టరు కన్ను అక్కడ ఆగేది.

ప్రయాణం కూడా రక్తాన్ని మారుస్తుంది. గొట్టంలోని కణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. వేరుచెయ్యకుండా ఉంచిన రక్తంలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగరు తగ్గిపోతుంది. అందుకే షుగరుకి బూడిదరంగు మూత గొట్టం, అందులో ఫ్లోరైడ్. అదే రక్తాన్ని వేరుచెయ్యకుండా ఐసులో పెడితే కణాల్లోంచి పొటాషియం బయటికి కారి, లేని ప్రమాదాన్ని చూపిస్తుంది. కాబట్టి నమూనా ఎప్పుడు తీశారు, ల్యాబ్‌కి ఎప్పుడు చేరింది అనే రెండు టైములు కూడా ఫలితంలో భాగమే.

లోగో ఎవరిది, మాట ఎవరిది

కంప్యూటర్లు వచ్చాక తిరగరాసే పని తగ్గింది, సమస్య రూపం మార్చుకుంది. ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి హెచ్ఎల్7 అనే సందేశాల భాష ఒకటుంది. దానిలో ఒక్కో ఫలితానికీ అంకె, కొలమానం, హద్దులు అని గళ్ళుంటాయి. పరీక్ష చేసిన సంస్థ పేరు, చిరునామా, అక్కడి వైద్య బాధ్యుడి పేరు రాయడానికి కూడా వరసగా మూడు గళ్ళు తరవాతి రూపాల్లో చేరాయి. గడి ఉన్నంత మాత్రాన నిండుతుందని కాదు, నిండినా మన పీడీఎఫ్‌లో అచ్చవుతుందని కాదు.

ల్యాబ్‌ల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189. 2003లో మొదటిసారి వచ్చింది. బయట చేయించిన పరీక్షలు ఏవో రిపోర్టులో గుర్తుపట్టేలా చెప్పాలని, వైద్యానికి తేడా వచ్చేలా ఫలితాన్ని మార్చకూడదని 2012 నాటి దాని కూర్పు స్పష్టంగా అంటుంది. జవాబు రోగి డాక్టరుకి చేర్చే బాధ్యత నమూనా పంపిన ల్యాబ్‌దేనని కూడా అంటుంది. ‘అక్కడివాళ్ళు ఇంకా పంపలేదండీ’ అనడంతో చేతులు దులుపుకోవడం కుదరదన్నమాట. మన దేశంలో ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ఈ ప్రమాణం ఆధారంగానే. కానీ ఆ గుర్తింపు తీసుకోవడం ల్యాబ్‌ల ఇష్టం. తీసుకోని ల్యాబ్‌లు వీధివీధినా ఉన్నాయి.

సంతకం విషయంలో మన దగ్గర గట్టి వాదనే జరిగింది. గుజరాత్ నుంచి వెళ్ళిన కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, ల్యాబ్ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే అని చెప్పింది. సంతకం ఎవరిదనేది తేలింది సరే. ఆ సంతకం పెట్టిన డాక్టరున్న చోటే పరీక్ష జరిగిందా అనేది రోగి దృష్టిలో ఇంకా మసకగానే ఉంది.

దూరం పంపడం తప్పు కాదు, దాన్ని పారదర్శకంగా చెయ్యొచ్చు కూడా. 2018లో హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం ఆవరణలో తెలంగాణ ప్రభుత్వం డయాగ్నస్టిక్ హబ్ మొదలుపెట్టింది. బస్తీ దవాఖానాల నుంచి నమూనాలు అక్కడికి వెళ్తాయి, ఫలితం రోగి ఫోనుకే వస్తుంది. న్యూయార్క్ చెక్కపెట్టెల పద్ధతికి ఇది దగ్గర. చేసినవాళ్ళెవరో దాచడానికి ఎవరికీ లాభం లేదు. ప్రైవేటు ఆస్పత్రిలో లాభం ఉంది. రోగి లోగోని నమ్మి వచ్చాడు. బయట తక్కువ రేటుకి చేయించి తన రేటు వేసినప్పుడు, కింద ఇంకో ల్యాబ్ పేరు అచ్చేస్తే రోగి ఆ ల్యాబ్ రేటు ఫోన్లో వెతుక్కుంటాడు. చిన్న అక్షరాలు అంత చిన్నగా ఉండటానికి ఇది కూడా ఒక కారణమేమో.

ఏలూరు, 2020

ఇంతవరకూ ఒక్క రోగి కాగితం సంగతి. ఒక ఊరికి ఊరే రిపోర్టు కోసం ఎదురుచూసిన సందర్భం మనకి దగ్గర్లోనే ఉంది. 2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోవడం మొదలైంది. నాలుగు రోజుల్లో వందల మంది ప్రభుత్వాస్పత్రికి చేరారు. అక్కడ చేసిన మామూలు పరీక్షల్లో కారణం దొరకలేదు. రక్తం, నీళ్ళు, కూరగాయలు, పాలు రకరకాల సంస్థలకి వెళ్ళాయి. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని ఎన్ఐఎన్, సీసీఎంబీ, ఐఐసీటీ, ఇంకా నీరీ.

జవాబులు ఒకేసారి రాలేదు, ఒకే నోటి నుంచీ రాలేదు. ముందు పురుగుమందు కావొచ్చన్నారు. తరవాత ఎయిమ్స్ రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్న వార్త వచ్చింది. వారం తిరిగాక, ఎయిమ్స్, నీరీ నివేదికల్ని బట్టి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. ఊళ్ళోవాళ్ళకి వీటిలో ఏదీ ల్యాబ్ కాగితంగా అందలేదు. టీవీ స్క్రోలింగులుగా, అధికారుల ప్రకటనలుగా, నాయకుల మాటలుగా అందింది. ఎవరి నమూనా, ఏ రోజు తీసినది, రక్తంలోనా నీళ్ళలోనా, ఎంత మోతాదు, ఎంతవరకూ ఉంటే పరవాలేదు, అన్నీ దారిలో రాలిపోయి, ‘ల్యాబ్‌లో తేలిందట’ అనే ముక్క ఒక్కటి చేరింది. ఒక్కో ల్యాబ్ తన వరకూ తను సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. వినేవాడికి మాత్రం వారానికి మూడు నిజాలు వినిపించాయి. అలాంటప్పుడు మనుషులు చేసేది ఒకటే, ఏదీ నమ్మకపోవడం. కుళాయి నీళ్ళు తాగాలా వద్దా, మార్కెట్లో కూరలు కొనాలా వద్దా అని ఒక తల్లి తేల్చుకోవడానికి కావలసినవి, దారిలో రాలిపోయిన ఆ వివరాలే.

విన్న మాటకి ‘ఎవరన్నారు?’ అని ఎదురడగటం మన ఇళ్ళల్లో అందరికీ అలవాటే. పెళ్ళి సంబంధం గురించి చెప్పినా, పొలం గట్టు తగాదా గురించి చెప్పినా ముందు ఆ మాటే అడుగుతాం. ఆస్పత్రి కౌంటరు దగ్గర మాత్రం అడగం. అక్కడ అంకె ఉంది కదా, అంకెకి మనిషితో పనేంటి అనుకుంటాం. అడగాల్సినవి నాలుగే: ఈ పరీక్ష ఎక్కడ చేశారు, నమూనా ఎప్పుడు తీసి ఎప్పుడు చేర్చారు, పోయినసారి కూడా అక్కడే చేశారా, వాళ్ళిచ్చిన అసలు కాగితం ఇస్తారా. కౌంటరులో కుర్రాడు కొంచెం విసుక్కుంటాడు. లోపలికెళ్ళి ఎవరినో అడిగొస్తాడు. రెండు నిమిషాల పని.